కార్డినల్స్ నారుమడి

1910ల చివర్లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ బేస్‌బాల్ జట్టు పేదది. చిన్న లీగుల్లో మెరిసిన కుర్రాళ్లను డబ్బున్న జట్లు తన్నుకుపోయేవి. దాంతో నిర్వాహకుడు బ్రాంచ్ రికీ చిన్న జట్లలోనే వాటాలు కొన్నాడు. కుర్రాళ్లను చవగ్గా చేర్చుకుని, ఏళ్ల తరబడి తర్ఫీదిచ్చి, మేటివాళ్లను పైకి తెచ్చి, మిగిలినవాళ్లను అమ్మేవాడు. 1926, 1931, 1934, 1942ల్లో జట్టుకు బేస్‌బాల్ ప్రధాన టైటిల్ వరల్డ్ సిరీస్ దక్కింది. ఆటగాళ్లకు మాత్రం ఈ పద్ధతి బందిఖానాయే. పైన ఖాళీ లేకపోతే కిందే మగ్గాలి. 1938లో బేస్‌బాల్ కమిషనర్ లాండిస్ 70 మందికి పైగా ఆటగాళ్లను విడిపించాడు.

ఆటగాళ్ల మార్పిడి బేరాల్లోనూ కార్డినల్స్‌కు కలిసొచ్చింది. 1964లో చికాగో కబ్స్ జట్టు కార్డినల్స్ పిచర్ ఎర్నీ బ్రాగ్లియో కోసం తన ఆటగాడు లూ బ్రాక్‌ను వదులుకుంది. ఆ ఏడాదే కార్డినల్స్ వరల్డ్ సిరీస్ విజేత. తప్పుడు బేరమంటే అభిమానులు ఇప్పటికీ దాన్నే ఎత్తుతారు. 1965లో కుర్రాళ్లను చేర్చుకునే పద్ధతే మారింది: డ్రాఫ్ట్ వచ్చి, వెనకబడ్డ జట్లకు కొత్తవాళ్లను ఎంచుకోవడంలో ముందు వంతు ఇచ్చింది.