కాలుష్య చట్టాలు – మన జిల్లా నేర్పిన పాఠం



2017 అక్టోబరులో ఫార్మా సిటీపై ప్రజాభిప్రాయ సేకరణ జరిగిన నాటి నుండి మన యాచారంలో నలుగురు కూర్చున్న చోటల్లా ఒకే ప్రశ్న. మేడిపల్లి, నానక్‌నగర్, తాటిపర్తి, కుర్మిద్ద వైపు వెళితే అది మరీ గట్టిగా వినబడుతుంది. చట్టాలున్నవి, బోర్డు ఉన్నది, మరి మన బావుల నీళ్లకు భరోసా ఏమిటి? బతుకంతా ఫైళ్లు కట్టి విప్పిన గుమాస్తాను గనుక రెండు పాత వ్యవహారాలు చెప్పి జవాబు వెతుకుతాను.

నీటి కాలుష్య నివారణ చట్టం 1974లో వచ్చినది. మన రాష్ట్రంలో బోర్డు 1976లో ఏర్పడినది. అయితే ఫ్యాక్టరీని మూయమని, కరెంటు తీయమని నేరుగా ఆదేశించే అధికారం బోర్డుకు 1988 సవరణతో గాని రాలేదు. అప్పటివరకు నోటీసులివ్వడం, కోర్టుకెక్కడం, అంతే.

ఈ లోపల పక్కనున్న అప్పటి మెదక్ జిల్లా పటాన్‌చెరు, బొల్లారంలలో మందుల, రసాయనాల ఫ్యాక్టరీలు వెలిసినవి. వాటి మురుగు నక్కవాగులో కలిసి మంజీరకు చేరినది. బావులు చెడినవి, పంటలు పోయినవి. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. ఉమ్మడి శుద్ధి కేంద్రం 1994లో వచ్చినది. రైతులకు నష్టపరిహారం కూడా కోర్టు ఆదేశించిన మీదటనే. కేసు 2001లో హైకోర్టుకు, ఆ తరువాత హరిత ట్రిబ్యునల్‌కు మారినది. కేసు వేసిన నాడు పుట్టిన పిల్లలకు పెళ్లిళ్లయినా కాగితాలు కదులుతూనే ఉన్నవి.

రెండవది మన రంగారెడ్డి జిల్లాదే. 1908 మూసీ వరద తరువాత నిజాం కాలంలో కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను కాపాడడానికి 1996 మార్చి 8న జీవో 111 వచ్చినది. జలాశయాలకు 10 కిలోమీటర్ల లోపల, 84 గ్రామాలలో కాలుష్య పరిశ్రమలు కూడదన్నది దాని సారాంశం. అప్పుడే శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఒక నూనెల కంపెనీ స్థలం కొని కట్టడం మొదలుపెట్టినది. బోర్డు అనుమతి నిరాకరించింది. ప్రభుత్వమే 1997 జూలైలో జీవో 153 ఇచ్చి ఆ ఒక్క కంపెనీకి మినహాయింపు కల్పించింది. బోర్డు మెత్తబడలేదు. అప్పీలులో ఓడినది, హైకోర్టులోనూ ఓడినది, అయినా సుప్రీంకోర్టుకు వెళ్లినది. 1999 జనవరిలో, మళ్లీ 2000 డిసెంబరు 1న తీర్పులు వచ్చినవి. నీరు చెడదని నిరూపించవలసిన భారం పరిశ్రమదేనని, తాగునీటి విషయంలో ఇటువంటి మినహాయింపు చెల్లదని కోర్టు తేల్చింది. ఆ ఫ్యాక్టరీకి అనుమతి దక్కలేదు.

రెంటికీ చట్టం ఒకటే, బోర్డు ఒకటే. తేడా ఎక్కడ? పటాన్‌చెరులో పొగగొట్టాలు లేచిన తరువాత చట్టం వెంటబడింది. పెద్దషాపూర్‌లో అనుమతి దగ్గరే ఎవరో అధికారి ఫైలు మీద “వీలు కాదు” అని రాశాడు, సంస్థ ఆ మాట మీద నిలబడింది. మురుగు ఒకసారి భూమిలోకి ఇంకితే మిగిలేది నష్టపరిహారపు లెక్కలే.

అయితే గెలిచిన మాట కూడా శాశ్వతం కాదు. 2022 ఏప్రిల్‌లో జీవో 69 ద్వారా ఆ 84 గ్రామాల మీది ఆంక్షలను ప్రభుత్వమే తొలగించినది. నీటి నాణ్యత చెడరాదన్న షరతు మాత్రం పెట్టినది. ఆ షరతు అమలవుతున్నదీ లేనిదీ చూసేవాళ్లుంటేనే దానికి విలువ.

2023 చివర ప్రభుత్వం మారిన పిమ్మట మన వైపు ఫ్యూచర్ సిటీ మాట వచ్చినది. పేరు ఏదైనా మన పని ఒకటే. 2006 నోటిఫికేషను ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం ముప్పయి రోజుల ముందు నోటీసు రావాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో కలెక్టరు కార్యాలయంలో చూడడానికి ఉంచాలి. సభ చివర మనం చెప్పినవన్నీ చదివి వినిపించాలి. మనకు ఫైలు చదవడం వచ్చు, అర్జీ రాయడం వచ్చు. ఊరి పిల్లల పక్కన కూర్చుని ఆ కాగితాలు చదివి పెడదాం. మన అభ్యంతరం రికార్డులోకి ఎక్కితేనే రేపు ఏ కోర్టయినా చూసేది. పెన్షను తీసుకుంటున్నంత కాలం ఆ మాత్రం కొలువు మనకింకా ఉన్నదని నా మనవి.