మిక్మాకులు - మలుగుపాము

1993వ సంవత్సరము ఆగస్టు నెలలో, కెనడా దేశపు తూర్పు తీరమందలి నోవాస్కోషియా రాష్ట్రములో, పామ్‌కెట్ రేవువద్ద డొనాల్డ్ మార్షల్ అను మిక్మాక్ జాతీయుడు ఒక మిత్రునితో కలిసి 463 పౌనుల చేపలు పట్టెను. వాటిని 787 డాలర్ల 10 సెంట్లకు అమ్మెను. లైసెన్సు లేకుండ చేపలు పట్టుట, వాటిని అమ్ముట, నిషేధకాలములో వలవేయుట అను నేరములు అతనిపై మోపబడినవి. ఈ చిన్న వ్యాజ్యము ఆరేండ్లు నడచి దేశపు సుప్రీంకోర్టును చేరినది; రెండు శతాబ్దములనాటి ఒక ఒడంబడికకు మరల ప్రాణము పోసినది. అతడు పట్టిన చేప మలుగుపాము. ఆ చేపకును ఆ జాతికిని గల సంబంధము తెలిసినగాని ఈ వ్యాజ్యము ప్రాముఖ్యము బోధపడదు.

మలుగు పేరునకు పామేగాని నిజమునకు చేపయే. మొప్పలతో శ్వాసించును, వీపుమీదను పొట్టక్రిందను పొడవైన రెక్కలుండును. మన కృష్ణా గోదావరులలో దీని దాయాది జాతి ఒకటి కలదు. ఇక్కడ చెప్పుచున్నది అమెరికా మలుగును గురించి.

యూరోపియనులు రాక పూర్వము వేల ఏండ్లనుండి మిక్మాకులు ఆ తీరమున నివసించుచున్నారు. నోవాస్కోషియా, ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవి, గాస్పే ద్వీపకల్పము, న్యూబ్రన్స్‌విక్‌లో కొంత భాగము వారి మాతృభూమి. మలుగును వారు తమ భాషలో 'కాట్' అందురు. నదులకు అడ్డముగ రాళ్ళకట్టలు పేర్చి, వాటి నడుమ బుట్టలు పెట్టి పట్టుదురు. చలికాలమున ఏరులు గడ్డకట్టినప్పుడు మంచుకు రంధ్రముచేసి, అడుగున బురదలో దాగియున్న మలుగులను పొడవాటి ఈటెలతో పొడిచి తీయుదురు. వేట దొరకని ఆ నెలలలో క్రొవ్వు సమృద్ధిగాగల ఈ చేప వారి ప్రాణములు నిలిపెడిది. పొగబెట్టి ఆరబెట్టిన మాంసము చాలకాలము నిలువయుండును. చర్మము ఎండిన కొలది బిగియును గనుక దానిని కట్లకు త్రాళ్ళుగా వాడిరి; బెణికిన కాళ్ళకు చేతులకు చుట్టిరి. నడిచలికాలములో ప్రకృతిశక్తులకు కృతజ్ఞతగా చెట్టుమొద్దుపై ఆహారముంచెడి ఆచారము వారికి కలదు. ఆ నైవేద్యములో మలుగునకును చోటుండెను.

1611లో ఆ దేశమునకు వచ్చిన పియేర్ బియార్ అను ఫ్రెంచి మతగురువు మిక్మాకుల జీవనమును గురించి 1616లో ఒక గ్రంథము ప్రకటించెను. సెప్టెంబరు నడుమ వారు సముద్రతీరమును వీడి చిన్న ఏరులకు చేరి, బలిసిన మలుగులను పట్టి నిలువచేసికొందురని అందు వ్రాసెను. ఈ పరిశీలన సరియైనదే. కాని మలుగులు ఆ ఏరులలోనే గ్రుడ్లు పెట్టునని కూడ ఆయన వ్రాసెను. అది పొరపాటు. ఆ రోజులలో మలుగు ఎక్కడ పుట్టునో ఏ శాస్త్రజ్ఞునికిని తెలియదు. పూర్వము అరిస్టాటిల్ అంతటివాడే మలుగులు బురదనుండి పుట్టునని తలచెను.

ఈ చిక్కు విడుటకు చాలకాలము పట్టినది. 1890 తరువాతి దశాబ్దములో ఇటలీ శాస్త్రజ్ఞుడు గ్రాసీ, ఆయన సహచరుడు కలాండ్రూచో, సముద్రములో దొరకు ఆకువంటి పారదర్శకమగు ఒక చిన్న ప్రాణి వేరొక చేప కాదనియు, మలుగు డింభకమే యనియు నిరూపించిరి. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు యోహానెస్ ష్మిట్ 1904 మొదలు ఓడలపై అట్లాంటిక్ సముద్రమును గాలించెను. డింభకములు ఎక్కడ మరీ చిన్నవిగా దొరకునో అదియే జన్మస్థానమని ఆయన తర్కము. అట్లు వెదకుచు పోగా ఆ స్థానము బెర్ముడాకు దక్షిణమున సర్గాసో సముద్రమని తేలినది. ఈ ఫలితమును ఆయన 1922లో ప్రకటించెను.

సర్గాసోలో పొదగబడిన డింభకము సముద్రప్రవాహములతో కొట్టుకొనివచ్చి, తీరమునకు సమీపించునప్పటికి గాజువంటి చిన్న మలుగుగా మారును. నదిలో ప్రవేశించి పసుపు వన్నె తాల్చి, పది, ఇరువది ఏండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకుమించియు మంచినీటిలో పెరుగును. పిదప ఒక శరదృతువులో వెండి వన్నె వచ్చును, కండ్లు పెద్దవగును, ఆహారము మానివేయును. అప్పుడు నది దిగి సముద్రమున పడి, పుట్టినచోటికి పోయి, ఒక్కసారి గ్రుడ్లు పెట్టి మరణించును. బియార్ చూచిన బలిసిన మలుగులు గ్రుడ్లు పెట్టవచ్చినవి కావు, ఈ దూరప్రయాణమునకు బయలుదేరినవి. ఉపగ్రహమునకు వార్తలంపు పరికరములు కట్టి నోవాస్కోషియా తీరమున విడిచిన మలుగులలో ఒకటి 45 దినములలో 2,400 కిలోమీటర్లు పోయి సర్గాసో చేరినదని 2015లో కెనడా శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

ఇక ఒడంబడిక సంగతి. 1760, 1761 సంవత్సరములలో బ్రిటిషువారు మిక్మాకులతో సంధి చేసికొనిరి. ప్రభుత్వపు వర్తకశాలలలో తప్ప మరెక్కడను తమ సరకు అమ్మబోమని మిక్మాకులు మాట ఇచ్చిరి. ఆ వర్తకశాలలు కొలదికాలమునకే మూతపడినవి. సంధిపత్రము మరుగున పడినది. 1982 నాటి కెనడా రాజ్యాంగచట్టము మాత్రము ఆదివాసుల ఒడంబడిక హక్కులను గుర్తించినది.

మార్షల్ న్యాయస్థానములకు క్రొత్తవాడు కాడు. తాను చేయని హత్యకు 1971లో శిక్షపడి, పదునొకండేండ్లు చెరలోనుండి, 1983లో నిర్దోషిగా తేలినవాడు. మలుగుల వ్యాజ్యములో అతని న్యాయవాదులు సంధిపత్రమును ముందుంచిరి. అమ్మకమునకు సరకు తేవలెనన్నచో, ఆ సరకును పట్టుకొను హక్కు కూడ ఉండవలెను గదా యని 1999 సెప్టెంబరు 17న సుప్రీంకోర్టు తీర్పు చెప్పి మార్షల్‌ను విడిచిపెట్టినది. అయితే ఈ హక్కు మితమైన జీవనోపాధికే గాని ధనము కూడబెట్టుటకు కాదన్నది. చేపల రక్షణకొరకు ప్రభుత్వము తగిన కారణము చూపి కట్టుబాట్లు విధింపవచ్చునని అదే సంవత్సరము నవంబరు 17న మరల వివరించినది.

తీర్పు గెలిచినది, కాని చేప తరుగుచున్నది. మెక్సికో సింధుశాఖ మొదలు గ్రీన్‌లాండ్ వరకుగల అమెరికా మలుగులన్నియు సర్గాసోలో కలియు ఒకే సంతతి. కనుక ఒక నదిలో కలిగిన నష్టము అన్ని నదులకును ప్రాకును. సెయింట్ లారెన్స్ నదిపై 1958లో మోజెస్ - సాండర్స్ ఆనకట్ట పూర్తియైనది. పైకెక్కు పిల్లలకొరకు 1974లో అచ్చట నిచ్చెనవంటి మార్గము కట్టిరి. 1980 తరువాత తొలి ఏండ్లలో ఒక్క ఏడాదిలో పదిలక్షలకు పైగా మలుగు పిల్లలు దానిని ఎక్కినవి. ఆ శతాబ్దము ముగియునప్పటికి ఆ సంఖ్య కొన్ని వేలకు పడిపోయినది. దిగివచ్చు మలుగులలో, గ్రుడ్లతో బరువెక్కబోవు పెద్ద ఆడవి, విద్యుద్యంత్రముల చక్రములలో నలిగి చచ్చుచున్నవి. కెనడా శాస్త్రజ్ఞుల సంఘము 2012లో మలుగును ముప్పునకు లోనైన జాతిగా ప్రకటించినది.

దీనికితోడు గాజుపిల్లల వేట. మలుగును కృత్రిమముగ పొదిగించి పెంచుట వ్యాపారమునకు తగినంతగా సాధ్యపడలేదు. అందుచేత ఆసియాలోని చేపల పెంపకపు చెరువులకు పిల్లలను సముద్రతీరమునుండియే తేవలెను. 2022లో వాటి ధర కిలోకు సుమారు 5,000 డాలర్లకు చేరినది. మిక్మాక్ జాలరులును ఇది తమ ఒడంబడిక హక్కని ఈ వేటలో పాల్గొనిరి; దొంగవేటగాండ్రు కూడ చేరిరి; కలహములు పెరిగినవి. ప్రభుత్వము 2020, 2023 సంవత్సరములలో ఈ వేటను నడుమ ఆపినది. 2024లో తెరువనే లేదు.

ఈ చరిత్రలో రెండు త్రోవలు కనబడుచున్నవి. ఒకటి న్యాయస్థానమునకు పోవు త్రోవ; రెండవది సముద్రమునుండి ఏటికి, ఏటినుండి సముద్రమునకు మలుగు పోవు త్రోవ. మొదటిదానిని మార్షల్ తెరచెను. 2009లో ఆయన మరణించెను. పట్టు హక్కు కాగితముపై ఎంత పదిలముగ నున్నను, పట్టుటకు ఏటిలో చేప ఉండవలెను. ఆనకట్టలవద్ద ఎక్కుటకును దిగుటకును దారి విడిచి, పిల్లల వేటకు హద్దు నిలిపినప్పుడే, చలికాలమున మంచుకు రంధ్రము చేసిన మిక్మాకు ఈటెకు మలుగు తగులును.