విశ్వవిద్యాలయపు గడప

గడప యింటికి శోభ. కాని దాని యెత్తు మితిమీరినచో బిడ్డలకును వృద్ధులకును అదియే యడ్డు. విశ్వవిద్యాలయ ప్రవేశమునకు విధింపబడు నియమములును ఇట్టివే. మన బిడ్డను లోనికి రానిచ్చిన నియమము శాశ్వతమనియు, రానీయనిది వాని బుద్ధిలోపమునకు సాక్ష్యమనియు మనము తలంచుచుందుము. రెండును పొరపాట్లే. మంచిర్యాల ప్రాంతపు బాలుని వెంట నడచుచు ఈ సంగతిని చదువరులకు విన్నవించెదము.

1887లో హైదరాబాదున నెలకొన్న నిజాం కళాశాల అప్పుడు మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధముగా నుండెను. అందు చేరగోరువానికి ఆంగ్లము రావలెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపబడి, ఉర్దూ బోధనభాష యయ్యెను. దేశభాషలో ఉన్నతవిద్య సాధ్యమని చూపిన కీర్తి దానిది. అనువాదశాఖ నేర్పరచి శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చుట సామాన్యకార్యము కాదు. ఐనను రాజ్యమునందలి జనులలో దాదాపు సగముమంది తెలుగువారు. ఉర్దూ మాతృభాషగా గలవారు సుమారు పదవవంతు. పట్టణమునందలి ఉర్దూ కుటుంబపు బాలునకు తల్లిపలుకైనది, గోదావరి యొడ్డున తెలుగు నేర్చిన బాలునకు పరీక్ష యాయెను. నియమ మొక్కటే, ఎక్కవలసిన మెట్లు వేఱు.

1938లో మఱియొక గడప లేచెను. వసతిగృహములలో వందేమాతరము పాడిన విద్యార్థులను ఉస్మానియా వెడలగొట్టెను. ఏమి చదివితివను ప్రశ్న పోయి, ఏమి పాడితివను ప్రశ్న వచ్చెను. ఆ విద్యార్థులను నాగపుర విశ్వవిద్యాలయము చేర్చుకొనెను. ఒకచోట అనర్హుడైనవాడు మఱియొకచోట అర్హుడైనపుడు, లోపము విద్యార్థియందున్నదా, గడపయందున్నదా?

1948లో హైదరాబాదు భారతదేశమున చేరిన పిదప ఉర్దూ స్థానమున ఆంగ్లము వచ్చెను. ఉర్దూలో చదివిన బాలుడు ఒక్కసారిగా వెనుకబడెను. తెలుగు బాలుని కష్టము పేరుమాత్రమే మార్చుకొనెను. ఉన్నతవిద్యకు తెలుగు పాఠ్యగ్రంథములను సిద్ధపఱచుటకై తెలుగు అకాడమి యేర్పడినది 1968లో; ఉస్మానియా పుట్టిన యేబది యేండ్లకు!

ఇచట మనము సంతోషించి యూరకుండరాదు. ఆదిలాబాదు అడవులలోని గోండు బిడ్డకు ఉర్దూయు, ఆంగ్లమును, మన తెలుగును మూడును పరభాషలే. 1940ల ప్రాంతమున హైమెన్‌డార్ఫు మార్లవాయిలో గోండి వాచకములతో పాఠశాల నడిపించిన కారణమిదియే. మనకు జరిగిన యన్యాయమును చెప్పుకొను మనము, మనచే జరుగుదానిని గుర్తింపవలదా? 1951లో రాజ్యాంగమునకు చేసిన మొదటి సవరణ, వెనుకబడిన తరగతులకును షెడ్యూల్డు కులములకును తెగలకును ప్రత్యేకవసతులు కల్పించుటకు వీలొసగెను. సమానమగు కొలబద్ద సమానమగు న్యాయము కాదని శాసన మొప్పుకొనిన దినమది.

తరువాత కొలబద్ద భాషను విడిచి చోటును పట్టెను. 1969 నాటి తెలంగాణ విద్యార్థుల యాందోళనమునకును 1973 నాటి ఆఱు సూత్రముల యొడంబడికకును పిమ్మట, 1974లో రాష్ట్రపతి యుత్తరువు వెలువడెను. దానిచే నూటికి 85 సీట్లు స్థానికులవి. అర్హతాపరీక్షకు ముందు వరుసగా నాలుగేండ్లు ఆ ప్రాంతమునందు చదివినవాడు స్థానికుడు. పాఠశాలలు ఆలస్యముగా వచ్చిన మా జిల్లాలకు ఇది గొప్ప మేలు. కాని తండ్రి కూలికై యెల్ల దాటి చంద్రపురపు గనులకు పోయినచో, అచట చదివిన బిడ్డ పుట్టినయూరిలో పరాయివాడగు చిక్కు కలిగెను. మేలు చేయు నియమమును ఎవరినో ఒకరిని వెలుపల నుంచును.

1982లో హైదరాబాదున సార్వత్రిక విశ్వవిద్యాలయము స్థాపింపబడి, పూర్వవిద్యాపత్రములు లేనివారును అర్హతాపరీక్షతో పట్టవిద్యలో చేరుటకు దారి యిచ్చెను. పెండ్లితో చదువాగిన యిల్లాలికి, బాల్యముననే బడి విడిచిన గని కార్మికునకు అది రెండవ పిలుపు. గడప నిట్లు తగ్గించినను విద్య పలుచబడునను భయ మవసరములేదు. లోపలి పరీక్షలు ఎట్లును ఉన్నవి.

ఉపాధ్యాయులమగు మేమును ప్రవేశము దొరకనివానిని మందమతి యని పిలిచిన దినములు గలవు. ఈ చరిత్ర చదివిన పిమ్మట ఆ మాట నోట రాదు. నియమములు లేకుండుట కుదరదు. కాని ప్రతి నియమమును ముందు రెండు ప్రశ్న లడుగవలెను: నీవు కొలుచునది విద్యనా, పుట్టుకనా? నీ వెలుపల నిలిచినవా డెవడు? ఈ రెండవ ప్రశ్నకు బదులు వెదకు గృహమే నిజమైన విద్యాగృహము.