ఎలుకయు, ఇల్లును

ఎలుకమీది కోపముతో ఇల్లు తగులబెట్టుకొన్నట్లు అను సామెత మన పెద్దలకెల్లరకును తెలిసినదే. దానిని మనము అవివేకులను ఎత్తిపొడుచుటకై వాడుదుము. కాని చరిత్రను పరికించినచో గొప్ప ప్రభుత్వములు సైతము ఒకప్పుడు ఇంచుమించుగా ఈ పనినే చేసినవని తెలియగలదు. ఎలుకను చంపుట మేలా, అది చొరలేని ఇల్లు కట్టుట మేలా అను ప్రశ్నకు మానవుడు సమాధానము నేర్చుకొన్న విధము నేటి ప్రసంగ విషయము.

మన పూర్వులు అతివృష్టి, అనావృష్టులతోపాటు ఎలుకలను గూడ ఈతిబాధలలో చేర్చిరి. కౌటిల్యుని అర్థశాస్త్రమున ఎలుకల బాధ కలిగినప్పుడు పిల్లులను, ముంగిసలను విడువవలెనని యున్నది. వానిని పట్టినవారికి, హింసించినవారికి పండ్రెండు పణములు దండుగ. ఇన్ని యెలుకలను పట్టి యొప్పగింపవలెనని జనులపై మూషికకరము విధించుటయు అందు కలదు. ఇవన్నియు చంపెడి ఉపాయములు.

రెండవ ఉపాయము ఇంటి నిర్మాణమునకు సంబంధించినది. స్పెయినులో నేలకెత్తుగా కట్టిన ధాన్యపుకొట్లు ఉండెనని రోమను పండితుడగు వర్రో క్రీస్తునకు పూర్వము 37వ సంవత్సరమున వ్రాసెను. ఆ దేశపు ఉత్తరభాగమున నేటికిని రాతికంబములపై నిలిచిన గాదెలు కలవు. ప్రతి కంబము తలపైనను వెడల్పైన రాతిపలక యుండును. కంబము నెక్కి వచ్చిన ఎలుక ఆ పలక అడుగున తలక్రిందులుగా ప్రాకలేక వెనుదిరుగును. గాదె మెట్లను సైతము గాదెకు తగులనీయక కొంత ఎడమిచ్చి కట్టుదురు. ఇంగ్లండు రైతులు ఇందులకే పుట్టగొడుగు ఆకారపు రాళ్లను వాడిరి. మన వెదురుగాదెలకు పేడయు మన్నును కలిపి మెత్తుటయు, నల్లరేగడి సీమలలో జొన్నలను పాతరవేసి మూత బిగించుటయు ఇట్టి ముందుచూపే. మన పందికొక్కు ఎంత ప్రసిద్ధమైనదనగా, ఇంగ్లీషువారి 'బాండికూట్' అను మాట ఈ తెలుగు మాటనుండియే పుట్టినది.

ధాన్యము పోయినను మరల పండించుకొనవచ్చును. ప్రాణము పోయిన తిరిగి రాదు. 1896లో బొంబాయిలో మహామారి పొడసూపెను. తరువాతి కొన్ని దశాబ్దములలో మన దేశమున కోటికి మించి జనులు దానికి బలియైరి. 1897లో పూనాలో సోల్జర్లు ఇండ్లలో చొరబడి సోదాలు చేసిరి. జనుల సామానులను తగులబెట్టిరి. ఆ సంవత్సరము జూను 22వ తేదీన ప్లేగు అధికారి ర్యాండు కాల్చబడుటకు ఈ ఆగ్రహమే కారణము. ఇంతచేసినను తెగులు ఆగలేదు. మనుష్యులను వెదకుచుండగా ఎలుకలు ప్రక్కయింటికి పోవుచునే యుండెను.

1898లో కరాచీలో పాల్ లూయీ సీమాన్ అను ఫ్రెంచి వైద్యుడు ఒక పరీక్ష చేసెను. తెగులు తగిలిన ఎలుకను గాజుపాత్రలో నుంచి, ఆరోగ్యముగల ఎలుకను ఇనుపవల బోనులో దానికి అంటకుండ నుంచెను. మొదటిది చచ్చెను. కొలదిదినములకే రెండవదియు చచ్చెను. వల దాటి వచ్చినది గోమారివంటి చిన్న పురుగు, అనగా ఎలుకపై నుండు మిన్నల్లి. ఎలుక దేహము చల్లబడగానే అది విడిచి వేరొక ప్రాణినాశ్రయించును. ఈ మాటను చాలమంది వెంటనే నమ్మలేదు. 1905లో ఏర్పడిన ప్లేగు కమీషనువారు విరివిగా పరీక్షలు చేసి దీనిని స్థిరపరచిరి. అయితే గఢ్వాలు కొండపల్లెల జనులు అంతకు చాలకాలము ముందునుండియే, ఇంట ఎలుకలు రాలినచో ఇల్లు విడిచి పోవుచుండిరి. కారణము తెలియకున్నను వారి అనుభవము సరియైనదే.

ఇక జావాద్వీపపు కథ వినుడు. అచట పంట చెడగా, 1910 చివర బర్మానుండి బియ్యము తెప్పించిరి. ఆ కాలమున రంగూను రేవులలోను, బియ్యపు మిల్లులలోను వేలకొలది తెలుగు కూలీలు పనిచేయుచుండిరి. బియ్యముతో ఎలుకలును ఓడలెక్కెను. 1911లో మలాంగు ప్రాంతమున ప్లేగు బయలుదేరెను. పరిశీలింపగా ఇండ్ల కప్పులయందలి బోలు వెదుళ్లలో ఎలుకలు గూళ్లు కట్టుకొని యుండెను. మనుష్యుడు క్రింద, ఎలుక పైన, ఒక్క కప్పు క్రిందనే కాపురము! డచ్చి ప్రభుత్వము బోలు వెదుళ్లను తీయించి చేవగల కొయ్యను వేయించెను. పూరికప్పులకు బదులు పెంకులు నేయించెను. ఇట్లు పది లక్షలకు మించిన ఇండ్లు మారినవి. ఖర్చులో భాగము భరింపవలసివచ్చిన పేదరైతులు మొఱపెట్టిరి. తెగులు పశ్చిమ జావాకు ప్రాకి 1934లో మిక్కిలి విజృంభించెను. అయినను ఎలుకకు ఇంటిలో తావీయకుండుటే నిలుకడగల మార్గమను సత్యము దీనివలన బయలుపడెను.

1948 ప్రాంతమున అమెరికాలో వార్ఫరిన్ అను క్రొత్తమందు ఎలుకలపై ప్రయోగమునకు వచ్చినది. కొన్ని సంవత్సరములకే దానికి లొంగని ఎలుకలు పుట్టెను. రంధ్రమును పూడ్చిన రేకునకు లొంగని ఎలుక మాత్రము పుట్టలేదు.

కావున పెద్దలు గమనింపవలసిన కొలతలు రెండు. అర అంగుళము సందు చాలును, ఎలుక దూరును; పావు అంగుళము చాలును, చిట్టెలుక దూరును. గుడ్డపీలికలు, కొయ్యముక్కలు దానికి అడ్డు కావు. దాని పండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును గనుక అది కొరుకక మానదు. ఇనుపవల, రేకు, సిమెంటు, గట్టిరాయి మాత్రమే అడ్డు. ధాన్యపుకొట్టునకైనను, నెలలతరబడి మూసియుంచిన బండికైనను, పాశ్చాత్యులు ప్రయాణములకు వాడి చలికాలమున నిలిపియుంచు చక్రములయింటికైనను ఇదే సూత్రము. లోపల గింజయు మెతుకును మిగులనీయరాదు. అడుగున తీగెలు, గొట్టములు దూరు తావులను పూడ్పవలెను. గోడల నంటి చెత్త పేర్చరాదు.

ఇంకొక మాట. ఇంటిలోను, వాడలోను ఎలుకలు కారణము తెలియక వరుసగా చచ్చిపడినచో వానిని చేతితో ముట్టక, వెంటనే ఆరోగ్యశాఖవారికి తెలుపవలెను. కోటిమంది ప్రాణములిచ్చి మనకు నేర్పిపోయిన పాఠమిది. దానిని మఱవకుండుట మన విధి.