డ్రై లేన్‌కి పాత బాలే ఎందుకు? బౌలింగ్ బంతి వందేళ్ల కథ

ఈరోజు బౌలింగ్ గురించి మాట్లాడుకుందాం. క్రికెట్ బౌలింగ్ కాదండోయ్, పది పిన్నులు పడగొట్టే బౌలింగ్. లేన్ డ్రైగా ఉంటే ఏ బాల్ కొనాలి అని చాలామంది అడుగుతుంటారు. నేను చెప్పేది ఒకటే: డబ్బు పెట్టేముందు మూలన పడి ఉన్న పాత బాల్ ఓసారి చూడండి. ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ముందు లేన్ సంగతి. ఫౌల్ లైన్ నుంచి మొదటి పిన్ దాకా 60 అడుగులు. చెక్క పాడవకుండా దాని మీద నూనె పూసేవారు. నూనె ఉన్నచోట బాల్ జారుతుంది, లేనిచోట నేలని పట్టుకుని మలుపు తిరుగుతుంది. ఆ మలుపే హుక్. నూనె బాగా తగ్గిపోతే అది డ్రై లేన్. అక్కడ పట్టు ఎక్కువున్న బాల్ ముందే తిరిగేసి, ఊపంతా దారిలోనే పోగొట్టుకుంటుంది.

ఇక బాల్ కథ. అమెరికాలో మొదట లిగ్నమ్ వైటే అనే చెట్టు చెక్కతో చేసేవారు. నీళ్లలో వేస్తే మునిగిపోయేంత బరువైన చెక్క అది. 1905లో ఎవర్‌ట్రూ అనే రబ్బరు బాల్ వచ్చింది. 1914లో బ్రన్స్‌విక్ కంపెనీ మినరలైట్ రబ్బరు బాల్ తెచ్చింది. ఆ తర్వాత ప్లాస్టిక్, అంటే పాలియెస్టర్, వచ్చింది.

1973లో అసలు గమ్మత్తు జరిగింది. డాన్ మెక్యూన్ అనే ప్రొఫెషనల్ ప్లాస్టిక్ బాల్‌ని రసాయనంలో నానబెట్టి పైభాగం మెత్తబరిచాడు. మెత్తబడితే పట్టు పెరుగుతుంది కదా! ఆ ఏడాది ఆరు టైటిళ్లు గెలిచాడు. అప్పటికి అది రూల్‌కి విరుద్ధం కాదు. తర్వాతే బాల్ గట్టిదనానికి హద్దు పెట్టారు. డ్యూరోమీటర్ మీద 72 కంటే తక్కువ ఉండకూడదన్న నియమం చాలాకాలం ఉండేది.

1980ల మొదట్లో యురేథేన్, 1990ల మొదట్లో రియాక్టివ్ రెజిన్ వచ్చాయి. రియాక్టివ్ బాల్‌కి కంటికి కనపడని రంధ్రాలుంటాయి, లేన్ నూనెని అవి పీల్చేస్తాయి. అంటే చూడండి, బాల్ బలం పెరిగేకొద్దీ లేన్ మీద నూనె త్వరగా ఖాళీ అవుతోంది. అలా ఎండిన లేన్ మీద మళ్లీ పనికొచ్చేది తక్కువ బలమున్న పాత బాలే!

సరే, ఏది ఎంచుకోవాలి? లేన్ మరీ ఎండిపోతే పాలియెస్టర్. ఓ మోస్తరుగా ఉంటే పాత యురేథేన్. ఏళ్ల తరబడి ఆడి పదును తగ్గిన రియాక్టివ్ కూడా నడుస్తుంది.

తయారీ సులువే. మొదట వెలుతురులో బాల్ తిప్పి చూడండి. గోరు దిగేంత పగులుంటే షాపులో చూపించాలి. వేళ్లు బిగుతుగా పడుతున్నా, వదులుగా ఉన్నా రంధ్రాలు సరిచేయించండి, లేదంటే మణికట్టుకి నొప్పి. పట్టుకోడానికి వాడని అదనపు రంధ్రం ఉంటే పూడ్పించాలి. అలాంటి బ్యాలెన్స్ హోల్స్‌ని 2020 ఆగస్టు నుంచి అమెరికా అధికారిక పోటీల్లో ఒప్పుకోవట్లేదు. తర్వాత బాల్‌ని శుభ్రం చేసి, సన్నని ప్యాడ్‌తో నున్నగా రుద్ది, పాలిష్ పెట్టండి. నున్నగా ఉంటే ముందు జారుతుంది, చివర్లో తిరుగుతుంది. మనకి కావాల్సింది అదే.

ఒక్క హెచ్చరిక. మెక్యూన్ కథ విని ఎవరూ ఇంట్లో బకెట్‌లో రసాయనం పొయ్యకండి. ఆ ద్రావకాలు చటుక్కున అంటుకుంటాయి, ఆవిరి పీల్చినా ప్రమాదమే. పైగా డ్రై లేన్‌కి మెత్తటి బాల్ అక్కర్లేదు, అది ఇంకా ముందే తిరుగుతుంది.

మీ దగ్గర పాత బాల్ ఉంటే అది ఏ రకమో కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.