స్త్రీధనము: హిందూ వివాహితల ఆస్తిహక్కు

స్త్రీధనము హిందూ ధర్మశాస్త్రమున స్త్రీకి ప్రత్యేకముగా చెందిన సొత్తునకు పేరు. పెండ్లిపీటలపై బంధువులు చదివించిన నగలు, వలువలు మొదలుకొని 1956వ సంవత్సరపు శాసనముచే సిద్ధించిన సంపూర్ణ స్వామ్యము వఱకు ఈ భావన సుదీర్ఘమైన పరిణామమును పొందినది. వివాహితకు సొంత ఆస్తి యుండవచ్చునని స్మృతికారులు మొదటినుండియు అంగీకరించినను, ఆ యాస్తిని తన యిచ్చవచ్చినట్లు అమ్ముటకును, దానమిచ్చుటకును, తనవారికి విడిచిపోవుటకును ఆమెకు గల స్వాతంత్ర్యమెంత యను విషయమున స్మృతికర్తలకు గాని, వ్యాఖ్యాతలకు గాని, న్యాయాధిపతులకు గాని ఏకాభిప్రాయము కుదురలేదు. స్త్రీధన చరిత్ర ప్రధానముగా ఈ స్వాతంత్ర్యపు హెచ్చుతగ్గుల చరిత్ర.

స్మృతులు, వ్యాఖ్యానములు

మనుస్మృతి స్త్రీధనమును ఆఱు విధములుగా పేర్కొన్నది: వివాహాగ్ని సమక్షమున ఇచ్చినది, అత్తవారింటికి తరలునపుడు ఇచ్చినది, ప్రీతిచే ఇచ్చినది, తల్లి, తండ్రి, సోదరుడు వేర్వేఱుగా ఇచ్చినవి. అదే స్మృతి వేఱొకచోట భార్య, పుత్రుడు, దాసుడు ధనహీనులనియు, వారార్జించినది వారి యజమానికే చెందుననియు చెప్పుచున్నది. ఈ రెండు మాటలకు పొత్తు కుదుర్పవలసి వచ్చిన వ్యాఖ్యాతలు, రెండవ వచనము స్వామ్యమును నిషేధించుట లేదనియు, వ్యయము చేయుటలో స్వాతంత్ర్యమును మాత్రమే నిషేధించుచున్నదనియు సమన్వయించిరి. స్వామ్యము, స్వాతంత్ర్యము వేర్వేఱు విషయములన్న భేదము ఇట్లు శాస్త్రమున స్థిరపడినది.

ఈ భేదమును సూక్ష్మముగా నిరూపించినవాడు కాత్యాయనుడు. పుట్టినింటివారు గాని భర్త గాని స్నేహపూర్వకముగా ఇచ్చిన సౌదాయికమనెడు ధనముపై స్త్రీకి పూర్ణస్వాతంత్ర్యము కలదని యాతడు చెప్పెను. అయితే భర్త యిచ్చిన స్థావరాస్తిని మాత్రము దీని నుండి మినహాయించిరి. శిల్పవృత్తిచే స్వయముగా ఆర్జించిన ధనమును, పరులు ప్రీతితో ఇచ్చిన ధనమును భర్త యధీనమున ఉంచుట ఈ విభాగములోని విచిత్రము: పుట్టినింట దొరకిన కానుకపై గల అధికారము సొంత చేతిపనిచే సంపాదించిన దానిపై లేకపోయెను. కఱవు వచ్చినపుడు, ధర్మకార్యమునకు, వ్యాధికాలమున, నిర్బంధమున చిక్కినపుడు భార్య ధనమును వాడుకొన్న భర్త దానిని తిరిగి యీయనక్కఱలేదని యాజ్ఞవల్క్యస్మృతి అనుమతించినది. అట్టి కారణమేదియు లేక బలిమిచే హరించినవాడు, భర్తయైనను సోదరుడైనను, వడ్డితోగూడ చెల్లింపవలెనని కాత్యాయనుని మతము.

కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆఱవ విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర స్త్రీధనపు పరిధిని మిక్కిలి విశాలము చేసినది. యాజ్ఞవల్క్యుని జాబితా చివర నున్న ‘మొదలగునవి’ యను అర్థపు పదమును ఆధారముగా గొని, వారసత్వమున, క్రయమున, విభాగమున లభించినది సైతము స్త్రీధనమే యని విజ్ఞానేశ్వరుడు తీర్మానించెను. వంగదేశీయుడైన జీమూతవాహనుడు దీనిని అంగీకరింపక, భర్త యనుమతి లేకయే స్త్రీ వినియోగింపగలిగిన ధనమునకు మాత్రమే ఆ పేరు పరిమితము చేసెను. స్త్రీధనమునకు వారసత్వక్రమము సైతము ప్రత్యేకమైనది: మితాక్షరను బట్టి తల్లి ధనము తొలుత అవివాహితయైన కూతునకును, పిమ్మట వివాహితలలో పేదరాలికిని, ఆమె తరువాత కలిగినదానికిని చెందును. తిక్కన కాలమువాడగు కేతన ఈ మితాక్షరను ‘విజ్ఞానేశ్వరము’ పేర పద్యములలోనికి తెచ్చుటచే, పదుమూడవ శతాబ్ది నాటికే ఈ ధర్మము తెలుగున చదువుకొన వీలయ్యెను.

ఆంధ్రదేశాచారము

శాస్త్రమెట్లున్నను, స్త్రీలు విస్తారమైన ద్రవ్యమును వెచ్చించిన నిదర్శనములు ఆంధ్రదేశ శాసనములలో కలవు. క్రీ.శ. మూడవ శతాబ్దిలో నాగార్జునకొండ మహాచైత్యమును నిలిపిన చాంతిసిరి ఇక్ష్వాకురాజు చాంతమూలుని సోదరి, ఒక మహాతలవరుని యిల్లాలు. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలమ బయ్యారమున ధర్మకీర్తిసముద్రమను చెఱువును త్రవ్వించి శాసనము వేయించినది. ఇవి రాజకుటుంబముల స్త్రీల దానములగుటచే వీనిని బట్టి సామాన్య గృహిణుల స్థితిని ఊహించుట తగదు.

సామాన్య రైతుకుటుంబములలో కూతునకు భాగము లేకున్నను, పెండ్లినాడు పసుపుకుంకుమల క్రింద ఎకరమో రెండెకరములో వ్రాసియిచ్చుట, పశువులను అరణముగా తోలియిచ్చుట, సారె పెట్టుట ఆచారముగా వచ్చుచున్నది. ఉమ్మడి ఆస్తి నుండి తండ్రి ఇట్లు ఈయవచ్చునా యని కుమారులు, దాయాదులు వ్యాజ్యములాడగా, కుటుంబస్థితికి తగిన పరిమాణములో ఇచ్చిన దానము చెల్లునని న్యాయస్థానములు నిర్ణయించుచు వచ్చినవి. 200 ఎకరములు గల కుటుంబమున తండ్రి వివాహితయైన కూతునకు 8 ఎకరములు ఇచ్చుట సమంజసమే యని మదరాసు హైకోర్టు ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో ఇచ్చిన తీర్పు ఆ పైని తఱచుగా ఉదాహరింపబడినది.

ఆంగ్లపాలనా యుగము

ఆంగ్లేయుల సొంత దేశమున అప్పటికి వివాహిత స్థితి మఱింత హీనము. పెండ్లితో ఆమె చరాస్తి భర్త సొత్తగుచుండెను; 1870, 1882 సంవత్సరముల పార్లమెంటు శాసనములు వచ్చు వఱకు ఆమెకు ప్రత్యేకాస్తి సామాన్యన్యాయమున లేదు. ఇట్టి సంప్రదాయమున పెరిగిన న్యాయాధిపతులు హిందూధర్మమునకు భాష్యము చెప్పుటలో విజ్ఞానేశ్వరుని విశాలదృష్టిని విడిచిరి. భర్త నుండి వారసత్వముగా వచ్చిన ఆస్తి స్త్రీధనము కాదని 1867లోను, స్త్రీల నుండి సంక్రమించినది సైతము కాదని 1903లోను ప్రివీ కౌన్సిల్ తీర్మానించెను.

వితంతువు అనుభవించు ఈ ఆస్తికి స్వరూపమిట్టిదని నిర్దేశించిన తీర్పులలో ముఖ్యమైనది మన మచిలీపట్టణపు కలెక్టరు పక్షమున నడచిన 1861 నాటి వ్యాజ్యము. భర్త యాస్తికి వారసురాలైన వితంతువు అనంతర వారసులు లేక మరణింపగా, ఆస్తి ప్రభుత్వపరమయ్యెను. ఆమె చేసిన అన్యాక్రాంతములను ఆక్షేపింప ప్రభుత్వమునకు హక్కు కలదా యను ప్రశ్నకు, వితంతువు అధికారముపై గల హద్దులు అనంతర వారసుల క్షేమము కొఱకు మాత్రమే కల్పించినవి కావనియు, అవి ఆ హక్కులోనే అంతర్భూతములనియు ప్రివీ కౌన్సిల్ చెప్పెను. వారసులే లేనిచోట సైతము ఆమె స్వతంత్రురాలు కాదన్నమాట. ఆమె జీవించినంతకాలము ఆస్తి ఆమెదే, ఫలసాయము ఆమెదే, కాని భర్త ఋణములు, పరలోకక్రియలు, కుటుంబావశ్యకతలు మున్నగు కారణములు లేక అమ్మినచో ఆ విక్రయము రివర్షనరులనబడు అనంతర వారసులపై చెల్లదు. వితంతువు వద్ద భూమి కొనగోరువాడు ఆమె యక్కఱయేమో విచారించి దస్తావేజున వ్రాయించుకొనుట ఇందుచేతనే ఆవశ్యకమయ్యెను.

శాసనకర్తలు ఒకవైపు మేలు చేయుచు మఱియొకవైపు హరించుటయు కలదు. 1856వ సంవత్సరపు వితంతు పునర్వివాహ శాసనము పునర్వివాహమును చట్టబద్ధము చేసినను, మఱల పెండ్లాడినామెకు మొదటి భర్త యాస్తిపై హక్కు పోవునని విధించెను. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము జరిపించిన తొలి వితంతు వివాహమునకు వర్తించిన చట్టమిదియే. 1874వ సంవత్సరపు వివాహిత స్త్రీల ఆస్తి శాసనము భార్య సంపాదనను ఆమె ప్రత్యేకాస్తిగా గుర్తించినను, హిందువులను, ముస్లిములను దాని నుండి మినహాయించెను. అందలి ఆఱవ విభాగము మాత్రము, భర్త భార్యాబిడ్డల మేలుకొఱకు చేసిన జీవితభీమాను అతని అప్పులవారు తాకకుండ కాపాడునట్టిది, తరువాత హిందువులకును వర్తించినది: మదరాసు రాజధానిలో 1913 డిసెంబరు 31 పిమ్మట తీసికొనిన పాలసీలకును, తక్కిన ప్రాంతములలో 1923 ఏప్రిల్ 1 పిమ్మటి వానికిని.

1937 నుండి 1956 వఱకు

జి. వి. దేశ్‌ముఖ్ ప్రతిపాదించిన 1937వ సంవత్సరపు హిందూ స్త్రీల ఆస్తిహక్కుల శాసనముచే, భర్త స్వార్జితములో వితంతువునకు కుమారునితో సమానభాగమును, అవిభక్త కుటుంబాస్తిలో భర్తకు గల హక్కును లభించినవి. విభాగము కోరు అధికారమును వచ్చినది. అయినను ఆ హక్కు పరిమితమైనదే. కూతునకు ఏమియు దక్కలేదు. వ్యవసాయభూములపై శాసనము చేయుట రాష్ట్రముల అధికారమగుటచే ఆ చట్టము వానికి వర్తింపదని 1941లో ఫెడరల్ కోర్టు అభిప్రాయపడగా, పల్లెల ఆస్తిలో ప్రధానమైన పొలమే చట్టమునకు వెలియయ్యెను. మదరాసు రాష్ట్రము 1947లో ప్రత్యేకశాసనముచే ఈ లోపమును సవరించెను.

బి. ఎన్. రావు అధ్యక్షతన 1941లో ఏర్పడిన సంఘము హిందూ స్మృతికి చిత్తుప్రతి సిద్ధపఱచెను. కూతునకు భాగమీయవలెనన్న ప్రతిపాదనకు తీవ్ర ప్రతిఘటన యెదురుకాగా, దుర్గాబాయి వంటి సభ్యులు బిల్లును సమర్థించిరి. అది ముందునకు సాగకపోవుటచే న్యాయశాఖా మంత్రి అంబేడ్కరు 1951లో రాజీనామా యిచ్చెను. తుదకు బిల్లు ముక్కలుగా ఆమోదము పొందగా, వానిలోని వారసత్వ శాసనము 1956 జూన్ 17న అమలులోనికి వచ్చెను. దాని 14వ విభాగము స్త్రీ స్వాధీనమున నున్న ఆస్తి యెప్పుడు, ఏవిధముగా వచ్చినదైనను ఆమెకు సంపూర్ణస్వామ్యము కలుగునని ప్రకటించి, ప్రివీ కౌన్సిల్ కట్టిన హద్దులను చెఱిపివేసెను.

ఈ విభాగపు వ్యాప్తిని తేల్చినది నెల్లూరున పుట్టిన ఒక వ్యాజ్యము. 1931లో భర్తను కోల్పోయిన తులశమ్మ, భర్త సవతి సోదరునిపై 1944లో మనోవర్తికై దావా తెచ్చి డిక్రీ పొందెను. 1949లో కుదిరిన రాజీని బట్టి కొన్ని భూములు ఆమెకు జీవితకాలము అనుభవించుటకు మాత్రమే ఇచ్చిరి. ఆమె 1960-61లో కొంత భూమిని కౌలుకిచ్చి, కొంత విక్రయింపగా, ఆ యధికారము లేదని అతడు కోర్టుకెక్కెను. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు రాజీలోని షరతు చెల్లుననెను. 1977లో సుప్రీంకోర్టు దానిని త్రోసిపుచ్చి, మనోవర్తి హక్కు పూర్వమునుండి యున్నదగుటచే, దానికి బదులుగా ఇచ్చిన ఆస్తి, పత్రమున ఎట్టి యాంక్ష వ్రాసినను, సంపూర్ణముగా ఆమెదే యగునని తీర్పు చెప్పెను.

అనంతర పరిణామములు

1956 శాసనము కూతునకు తండ్రి స్వార్జితములో సమానభాగమిచ్చినను, మితాక్షర ఉమ్మడి ఆస్తిలో జన్మహక్కును కుమారులకే మిగిల్చినది. నివాసగృహమున విభాగము కోరుటకు మగ వారసులు పంచుకొను వఱకు కూతురు వేచియుండవలసినదే, వివాహితకు నివాసహక్కు సామాన్యముగా లేదు. జన్మహక్కును కూతునకు తొలుత ఒసగిన శాసనము ఆంధ్రప్రదేశ్‌ది. ఎన్. టి. రామారావు ప్రభుత్వకాలమున వచ్చిన ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి అమలు కాగా, తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రములు తరువాత అనుసరించినవి. కాని ఆ తేదీకి పూర్వమే వివాహమైన కూతుండ్రకు అది వర్తింపలేదు. ఒక తల్లి బిడ్డలలో పెద్దది భాగము లేనిదియు, చిన్నది భాగస్థురాలును అయ్యెడు పరిస్థితి యేర్పడెను. 2005 సెప్టెంబరు 9 నాటి కేంద్ర సవరణ ఈ వివాహభేదమును, నివాసగృహ నిబంధనను తొలగించెను. ఆనాటికి తండ్రి జీవించి యుండనక్కఱలేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు స్పష్టము చేసెను. అంతకు ముందే 1985లో, భార్య నగలు భర్త చేతిలో నున్నను అవి ఆమెవే యనియు, వానిని అపహరించుట నమ్మకద్రోహ నేరమనియు అదే న్యాయస్థానము నిర్ణయించెను.

స్త్రీ వీలునామా వ్రాసినచో తన యాస్తిని కోరినవారికి ఈయగలదు. వ్రాయక మరణించినచో, 15వ విభాగమును బట్టి సంతానము, భర్త లేనిచోట ఆమె స్వార్జితము తల్లిదండ్రులకంటె ముందు భర్త వారసులకు చెందును. వివాహమైన మూడు నెలలకే భర్తను కోల్పోయి, అత్తవారింటినుండి వెడలగొట్టబడి, పుట్టినింట చదువుకొని ఉద్యోగము చేసిన ఒకామె మరణానంతరము ఆమె ధనము భర్త సోదరి కుమారులకే చెందునని 2009లో సుప్రీంకోర్టు, చట్టమునకు వేఱు అర్థము లేదని చెప్పుచు, తీర్పీయవలసి వచ్చెను. ఈ నియమమును సవరించి పుట్టినింటివారికిని భాగము కల్పింపవలెనని అంతకు పూర్వమే, 2008లో, న్యాయసంఘము తన 207వ నివేదికలో సిఫారసు చేసియుండెను. భర్త ద్వారా వచ్చినదానిపై ఆమెకు సంపూర్ణాధికారము నిచ్చిన శాసనము, ఆమె స్వయముగా ఆర్జించినదానిని భర్తృవంశమునకు చేర్చుట ఈ శాసనమున మిగిలిన ప్రధాన వైరుధ్యము.