మట్టలు నరికిందెవరు?

చే గువేరా ముఖం మన కాలేజీ గోడలకు కొత్త కాదు. విద్యార్థి సంఘాల పోస్టర్ల మీద, ఆటోల వెనక, టీషర్టుల మీద అదే నక్షత్రపు టోపీ, అదే చూపు. ఆ ముఖం వెనక మాత్రం ఏమీ ఉండదు. ఊరు లేదు, చెట్టు లేదు, పక్కన మరో మనిషి లేడు. ఇంతకీ ఎక్కడ నిలబడి, ఎవరిని చూస్తున్నాడు?

మొదటి ఆధారం నెగెటివ్‌లోనే ఉంది. క్యూబా ఫొటోగ్రాఫర్ అల్బెర్తో కోర్దా తీసిన అసలు ఫ్రేము అడ్డంగా, వెడల్పుగా ఉంటుంది. ఎడమ అంచున అర్జెంటీనా పాత్రికేయుడు హోర్హె మాసెత్తి పక్కముఖం. కుడివైపు తాటిజాతి చెట్టు మట్టలు. అంటే కెమెరా ఆ దేశ రాజధాని హవానాను వదిలిపెట్టలేదు, తర్వాత ఎవరో తీసేశారు.

అదే రీలులోని మిగతా ఫ్రేములు ఇంకాస్త చెబుతాయి. వేదిక మీద క్యూబా నేత కాస్ట్రో, అతిథులుగా వచ్చిన ఫ్రెంచి రచయితలు సార్త్ర్, సిమోన్ ద బోవార్. తేదీ 1960 మార్చి 5. ముందురోజు హవానా రేవులో, బెల్జియం నుంచి ఆయుధాలు తెచ్చిన ఫ్రెంచి నౌక లా కూబ్ర్ పేలిపోయింది. కాపాడడానికి జనం పరుగెత్తుకొచ్చాక మరోసారి పేలింది. వైద్యుడైన గువేరా గాయపడ్డవాళ్లకు కట్లు కట్టాడు. మర్నాటి సభ ఆ మృతుల కోసం జరిగినది. వెనక ఉన్న గువేరా కాసేపు ముందుకొచ్చి జనం వైపు చూశాడు. కోర్దా రెండుసార్లు క్లిక్ చేసేలోపే వెనక్కి వెళ్లిపోయాడు.

ఆ చూపులో భవిష్యత్తు మీద కల ఉందని చాలామంది అంటారు. నాకది నిన్నటి శవాలను మరిచిపోలేని మనిషి చూపు. ఆ దుఃఖం తెలియకుండా ఈ ఫొటో అర్థం కాదు.

ఇక కత్తెర ఎవరిది? 1968లో ఎరుపు నలుపుల పోస్టరు గీసిన ఐరిష్ చిత్రకారుడు జిమ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ మీదికి అనుమానం పోతుంది. కానీ అప్పటికే అది ఒంటరి ముఖం. అంతకుముందు ఏడాది మిలాన్ ప్రచురణకర్త ఫెల్త్రినెల్లి హవానా వచ్చి ప్రింట్లు తీసుకెళ్లాడు. ఆ ప్రింట్లు ఇచ్చింది సాక్షాత్తూ కోర్దా. సభ మర్నాడు రెవొల్యూసియోన్ పత్రిక వేరే ఫొటోలు వేసుకుని దీన్ని పక్కన పెట్టేసింది. ఆయనకు మాత్రం మనసు ఒప్పలేదు. మాసెత్తినీ మట్టలనూ తనే తీసేసి, నిలువు ప్రింటు చేసి, తన స్టూడియో గోడకు తగిలించుకున్నాడు. విప్లవానికి ముందు ఆయన ఫ్యాషన్ ఫొటోగ్రాఫర్. ముఖాన్ని వెలిగించడం కోసం చుట్టుపక్కల వాటిని తొలగించడం ఆ కళలో మామూలే.

అందుకే క్యూబాను చూడాలనుకునేవాళ్లకు నేను కోర్దా 1959 జులైలో తీసిన మరో ఫొటో చూపిస్తాను. హవానా కూడలిలో పల్లెల నుంచి తరలివచ్చిన రైతు జనం. వాళ్లందరికీ పైన, దీపస్తంభం మీదికెక్కి కూర్చున్న గడ్డిటోపీ మనిషి. దాన్ని మాత్రం ఎవరూ కత్తిరించలేరు, జనాన్ని తీసేస్తే ఫొటోయే మిగలదు.